జానెడు మడత

హిస్కే పోస్త్మా లోపలికి వచ్చి కూర్చోలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడ వేలాడుతున్న కర్టెన్ అంచు రెండు వేళ్ళతో పట్టి చూసి, "ఇది ఎవరు కుట్టారండీ? ఒక కుచ్చుకీ ఇంకో కుచ్చుకీ పోలికే లేదు," అంది. ఆ తర్వాత ఏడుపు మొదలుపెట్టింది.

"ముందు ఏడుస్తావా, ముందు నా కర్టెన్‌కి వంకలు పెడతావా? ఏదో ఒకటి తేల్చుకో," అంది బౌక్యా తోల్స్మా, ఆ ప్రాంతంవాళ్ళు చప్పరించే నల్లటి ఉప్పు మిఠాయిని నోట్లో ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చుకుంటూ.

బోల్స్‌వర్డ్ ఊళ్ళో రొట్టెల దుకాణం మీది ఆ గదికి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించి చాలా కాలమైంది. అంతకు ముందు బౌక్యా ఇన్సూరెన్సు కంపెనీలో పని చేసేది. కాలిపోయిన కొట్టాలూ, మునిగిపోయిన పడవలూ, మెట్ల మీంచి పడ్డామని మూలిగే మనుషులూ, వీళ్ళందరినీ చూసి చూసి మనిషి జాతి మీద ఆవిడకో స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది. అది మంచి అభిప్రాయం కాదు. సహాయకుడు రూర్డ్ ఒకప్పుడు ఆ ఊరి పోస్ట్‌మాన్. అతనికి ప్రతి గుమ్మమూ తెలుసు, ప్రతి కుక్కా తెలుసు. ఫ్రీస్‌లాండ్ రాష్ట్రం మొత్తానికి తెలివంటూ ఏదైనా ఉంటే అదంతా బౌక్యా మేడం బుర్రలోనే ఉందని అతని నమ్మకం.

హిస్కే ముక్కు తుడుచుకుంది. "హారింగ్స్మా వాళ్ళ బంగారు తలపట్టీ నేనే ఎత్తుకుపోయానంటున్నారండీ."

రూర్డ్ నోరు తెరిచాడు. ఆ తలపట్టీ తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. పాతకాలంలో కలిగినింటి ఆడవాళ్ళు లేసు టోపీ కింద తలకి బిగించుకునే బంగారు రేకు అది. అరచేయంత వెడల్పు, పట్టుకుని వంచితే ఒంగేంత పలచన. హారింగ్స్మా వాళ్ళింట్లో దాన్ని ఒక చెక్క తలకి తొడిగి ముందుగది కిటికీ గట్టు మీద పెట్టేవారు. చెక్క తల ముఖం వీధి వైపు ఉంటుంది. ఇంట్లో వాళ్ళకి దాని వెనకభాగమే కనిపిస్తుంది. ఆ ఊళ్ళో కిటికీ గట్టు మీది వస్తువులన్నీ అంతే. అవి ఇంట్లో వాళ్ళ కోసం కొన్నవి కావు.

"మొదట్నించీ చెప్పు. నిన్ను పిలిచింది ఎవరు?"

"పెద్దావిడే. ఇమ్క్యా హారింగ్స్మా. ఆ కిటికీకి ఎన్నో ఏళ్ళుగా అదే లేసు తెర. ఉన్నట్టుండి కొత్త కర్టెన్లు కావాలని కబురు పెట్టింది. నమూనా పుస్తకాలన్నీ మోసుకుని వెళ్ళాను. కొడుకూ కోడలూ కూడా వచ్చి కూర్చున్నారు. అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! కోడలు ఆల్బెర్తా బూడిదరంగు రోలర్ బ్లైండ్లు కావాలంది. ఇల్లు మ్యూజియంలా ఉందిట, ఆ చెక్క తలని చూస్తేనే ఒళ్ళు మండుతోందిట. కొడుకు లూబర్ట్ నోటరీ కదా, పెద్దమనిషి, ఎవరో డాక్టరుగారింట్లో చూశాట్ట, అలాంటి చెక్క రెక్కల షట్టర్లు కావాలన్నాడు. పెద్దావిడ ఇద్దర్నీ నోరు మూయించి, 'ముదురాకుపచ్చ వెల్వెట్. నేలదాకా' అంది. అంతటితో పోనిచ్చిందా? అంచు మడత జానెడుండాలంది!"

"జానెడా?"

"జానెడే! నాలుగు వేళ్ళు చాలమ్మా, వెల్వెట్ దాని బరువుకి అదే దిగుతుంది అన్నాను. 'కుట్టేదానివి కుట్టు' అంది. జానెడు మడతేమిటండీ, కర్టెన్‌కా, లంగాకా?"

మంగళవారం పొద్దున హిస్కే వెళ్ళి పాత లేసు దింపింది. కొత్త కర్టెన్లు తగిలించి, కుచ్చులు సర్ది, రిబ్బన్లతో కట్టేసి, మూడు రోజులదాకా విప్పొద్దని చెప్పింది. అలా కట్టి ఉంచితేనే కుచ్చులకి వాటి చోటు అలవాటవుతుంది. చెక్క తలని తనే పక్కకి తీసి, పనయ్యాక మళ్ళీ తనే గట్టు మీద పెట్టింది. భోజనాల వేళకి ముందే వచ్చేసింది. సాయంత్రం పోలీసులు దుకాణానికి వచ్చి అల్మారాలన్నీ తిరగేశారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం కూడా ఆవిడ తెలివికే సాక్ష్యమని ఊళ్ళో అనుకున్నారు.

"కాఫీ ఇచ్చారా?" అంది బౌక్యా.

"వంటింట్లో, నిలబెట్టి."

"బిస్కెట్?"

"డబ్బా మూత కూడా తీయలేదు." హిస్కే మళ్ళీ ముక్కు తుడుచుకుంది. "ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఫోన్ చేసి 'ఇప్పుడే వద్దులే హిస్కే' అంటున్నారు. నా పనేమిటండీ? జనం తాళంచెవి నా చేతిలో పెట్టి వాళ్ళ పని మీద వాళ్ళు వెళ్ళిపోవాలి. దొంగన్న పేరు పడ్డాక నాకు తలుపెవరు తీస్తారు? దుకాణం మూసుకోవాల్సిందే."

"పాత లేసు ఏం చేశావ్?"

హిస్కే కళ్ళు చటుక్కున నేలకి దిగాయి. "పారేశానండీ."

"ఇన్సూరెన్సులో నాకు రోజూ ఈ ముఖమే ఎదురయ్యేది. పడవ మునిగిందనేవాళ్ళు. అది మాత్రం బావమరిది చెరువులో తేలుతూ ఉండేది. లే, పద. నీ దుకాణానికి పోదాం."

దారి పొడుగునా హిస్కే తనని తాను సమర్థించుకుంటూనే ఉంది. పెద్దావిడ దాన్ని కాల్చెయ్యమందిట. చేత్తో అల్లిన లేసు కాల్చడానికి చేతులెలా వస్తాయండీ అంది. ముక్కలు చేసి టోపీలకి వేసి అమ్ముకుందామనుకుందిట. పోలీసులు ఆ లేసుని చేత్తో పట్టుకుని చూసి, కర్టెన్ల దుకాణంలో లేసు ఉండదా అని వదిలేశారుట.

"దొంగవి కాదు, కక్కుర్తిదానివి," అంది బౌక్యా. "రెంటికీ తేడా తెలిసేటంత బుర్ర ఈ ఊరికి లేదు. అందుకే అబద్ధం చెప్పకూడదు."

లేసు తెరని బల్ల మీద పరిచారు. కింది భాగంలో, అరచేయంత వెడల్పున, నెలవంకలా ఒంపు తిరిగి ఆకుపచ్చటి మరక.

"పాచి," అంది హిస్కే. "ఆ కిటికీ అద్దం చలికాలమంతా కారుతూనే ఉంటుంది. గట్టంతా నీళ్ళే. గట్టు మీది సామాను అద్దానికీ లేసుకీ మధ్యలో ఉంటుంది కదా, అన్నిటికీ తడి అంటుకుంటుంది. నిమ్మకాయ పెట్టి రుద్దితే పోతుందిలెండి."

బౌక్యా వంగి మరకని వాసన చూసింది. నాలుక కొన తగిలించి చూసింది. ముఖం చిట్లించింది. "దీన్ని ఉతికావంటే నీ కేసు నేను వదిలేస్తాను. రూర్డ్, మడతపెట్టి సంచిలో పెట్టు."

"పాచిలో ఏముంది మేడం?" అన్నాడు రూర్డ్ బయటికొచ్చాక.

"నువ్వు ఉత్తరాలు పంచేటప్పుడు కవర్లు చించి చదివేవాడివా?"

"అయ్యో! ఎప్పుడూ లేదు మేడం."

"అందుకే నీకేమీ తెలీదు."

ఇందులో కూడా గొప్ప సంగతేదో ఉందని రూర్డ్ తల ఊపాడు.

హారింగ్స్మా వాళ్ళిల్లు కాలవ ఒడ్డున ఉంది. తలుపుకి కొత్త రంగు, ఇత్తడి గంటకి కొత్త మెరుపు. కోడలు ఆల్బెర్తా తలుపు తీసి, వచ్చినవాళ్ళ ముఖాల కంటే ముందు వాళ్ళ చెప్పులు చూసింది. ముందుగదిలో ఆర్కిడ్ కుండీలు జంటగా, దీపాలు జంటగా, వాటి మధ్య బోడి చెక్క తల వీధిని చూస్తూ ఉన్నాయి. కుడివైపు కర్టెన్ పక్కన, నిటారు కుర్చీలో, కుర్చీ కంటే నిటారుగా ఇమ్క్యా హారింగ్స్మా కూర్చుని ఉంది. మోకాలి నొప్పి మనిషి. అయినా నడుము వంచితే కాలవలో నీళ్ళు ఆగిపోతాయన్నట్టు కూర్చుంది.

కాఫీ వచ్చింది. బిస్కెట్ డబ్బా వచ్చింది. ఆల్బెర్తా తలా ఒకటి అందించి మూత బిగించింది.

"ఇంకోటి తీసుకుంటాను," అని బౌక్యా డబ్బా లాక్కుని మూత తీసింది. ఆ ఊళ్ళో కాఫీకి ఒక్క బిస్కెట్టే ఆచారం. ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళు ఇంతకంటే చిన్న విషయాలకే చెడిపోయాయి.

"మా వంశానికి అది ప్రాణం లాంటిది," అన్నాడు లూబర్ట్ గొంతు సవరించుకుని. మెడ దగ్గర చొక్కా బిగుతు, మాటల్లో అంతకంటే బిగుతు. "మా ముత్తవ్వ తలమీది బంగారం. వచ్చేవారం పట్నం మ్యూజియం నుంచి నిపుణురాలు వస్తోంది, ప్రదర్శనకి పెడతామని. తూచి, పరీక్ష చేసి, మా పేరు రాసి పెడతారు. నేనే రాయించాను. అమ్మని సంతోషపెడదామని ముందు చెప్పలేదు. తేదీ ఖాయమయ్యాకే చెప్పాను."

"ఎప్పుడు చెప్పారు?"

"పోయిన నెల. ఆ తర్వాతేగా అమ్మ కర్టెన్లు మార్చాలంది! నిపుణురాలు వస్తోందంటే ఇల్లు పద్ధతిగా ఉండాలి కదా."

"మంగళవారం మీరెక్కడున్నారు?"

"ఆఫీసులో. నా గుమాస్తాలని అడగండి."

"నేను చర్చిలో పాటల సాధనకి పోయాను. సాయంత్రందాకా అక్కడే," అంది ఆల్బెర్తా. "మీకు నా మీద అనుమానముంటే ముందే చెబుతున్నా, ఆ తలకాయని కాలవలో పారేస్తే బాగుండని నేనెన్నోసార్లు అనుకున్నా. పారెయ్యలేదంతే."

"నీ నోటికి ఆర్కిడ్లు వాడిపోతాయి," అంది అత్త.

"మీరు చూసినప్పుడల్లా వాడిపోతున్నాయత్తయ్యా, నా నోరెందుకు?"

బౌక్యా ముసలావిడ వైపు తిరిగింది. "మీరు?"

"నేను పైగదిలో పడుకున్నాను. ఆ కుట్టుపనిది ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీదు. సాయంత్రం కొడుకు వచ్చి చూస్తే చెక్క తల బోడిగా ఉంది. ఇంట్లోకి పరాయి మనిషి ఒక్కతే వచ్చింది. ఇంక మీరు కనిపెట్టడానికేముందో నాకర్థం కావడం లేదు."

"పాత లేసు కాల్చెయ్యమన్నారట?"

"చిరుగుల పాత గుడ్డని దాచుకుంటామా?"

బౌక్యా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. రిబ్బన్లు చూసింది. ఎడమవైపు కర్టెన్‌కి కట్టిన రిబ్బన్ల ముడులు వెనకవైపుకి, లాగితే ఊడిపోయేటట్టు చదునుగా ఉన్నాయి. కుడివైపువి ముందుకి, బూటు లేసు కట్టినట్టు రెండు చెవులతో ఉన్నాయి. రూర్డ్‌కి కళ్ళతో చూపించి, బాత్రూమెటని అడిగింది.

వెనక్కి వెళ్ళి వచ్చాక ఆవిడ పెదవి ఒక పక్కకి లేచి ఉంది. ముందుగదిలో ఆర్కిడ్లు జంటగా ఉన్నాయి కదా, వెనకగదిలో కారుతున్న కప్పు కింద బకెట్లు జంటగా ఉన్నాయి. రెంట్లోనూ నీళ్ళు.

ఎదురింట్లో రిటైరైన బడిపంతులు ఓబే మాస్టారు ఉంటాడు. కిటికీ బయట ఒక చిన్న అద్దం బిగించుకుని, కుర్చీలోంచి లేవకుండా వీధంతా చూస్తుంటాడు. తలుపు తీస్తూనే ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"వస్తారని తెలుసు. రాసుకోండి. ఆ హిస్కే వ్యాను! పెళ్ళివారి గుర్రపుబండంత ఎత్తు. తెచ్చి సరిగ్గా వాళ్ళ కిటికీకి అడ్డంగా పెట్టింది. అది ఉన్నంతసేపూ నాకు ఆ ముందుగది పిసరంత కనిపిస్తే ఒట్టు! ఇదేమైనా మర్యాదా? ఇంట్లో ఏం జరుగుతోందో ఇరుగుపొరుగుకి తెలియొద్దా?"

"పాపం. ఏమీ కనబడక ఎలా గడిపారో," అంది బౌక్యా.

"పేపరు చదువుకున్నాను," అన్నాడు మాస్టారు బాధగా.

గదిలో కలరా ఉండల వాసన. కుర్చీ వీపు మీద నల్లకోటు ఒకటి గాలికి ఆరేసి ఉంది.

"ఎవరు పోయారు మాస్టారూ?"

"ఎవరూ పోలేదే."

"రూర్డ్, ఈ వారం ఊళ్ళో ఎవరైనా పోయారా?"

"లేదు మేడం. పోతే చర్చి గంట మోగేది."

"మరి శవం దగ్గరికి వెళ్ళే కోటు పెట్టెలోంచి ఎందుకు బయటికొచ్చింది?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "పోలీసులకి చెప్పలేదు. నవ్వుతారని. మీరూ ఎవరితో అనకండి. మంగళవారం భోజనం చేసి కూర్చుని అద్దంలో చూద్దును కదా, హారింగ్స్మా వాళ్ళ కర్టెన్లు మూసి ఉన్నాయి! పట్టపగలు! పైనుంచి కిటికీ గట్టుదాకా, ఈ మూల నుంచి ఆ మూలకి. పెద్దాయన పోయిన రోజు తర్వాత మళ్ళీ అలా చూడలేదు. పగలు కర్టెన్ వేశారంటే ఇంట్లో శవం ఉన్నట్టే కదా. ఇమ్క్యా పోయిందనుకున్నాను. మర్యాద కొద్దీ నా కర్టెన్లు కూడా వేసేశాను. కోటు వేసుకుని, దొడ్లో నాలుగు తెల్లపూలు కోసుకుని, వెళ్ళి గంట కొట్టాను."

"తలుపు తీసింది ఎవరు?"

"ఆవిడే! పోయిన మనిషే! కుంటుకుంటూ వచ్చి తీసింది."

రూర్డ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పూలు ఏం చేశారు?"

"పుట్టినరోజు శుభాకాంక్షలని ఇచ్చాను."

"ఆ రోజు ఆవిడ పుట్టినరోజా?"

"కాదు. అయినా తీసుకుంది."

"కర్టెన్ల సంగతి అడిగారా?"

"అడక్కుండా ఉంటానా? 'లోపల హిస్కే ఉంది, వేసి చూస్తోంది' అంది."

బయటికి వచ్చాక రూర్డ్ ముఖం వేలాడేశాడు. "ఇదేంటి మేడం, ఇలా తిరిగింది? తెర మూసుకుని లోపల ఉన్నది హిస్కేనే అయితే దొంగ ఆవిడేగా?"

"పంతులు మనకి రెండు మాటలు చెప్పాడు రూర్డ్. జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పినవాడు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకోలేకపోయాడు. నువ్వు పెట్టుకో." ఆవిడ ఇంకో ఉప్పు మిఠాయి నోట్లో వేసుకుంది. "రేపటికి కర్టెన్ల గడువు మూడు రోజులూ అయిపోతుంది. రిబ్బన్లు విప్పే పని మిగిలే ఉంది. అందర్నీ రమ్మను."

శుక్రవారం చీకటి పడే వేళకి హారింగ్స్మా వాళ్ళ ముందుగదిలో దీపాలు వెలిగాయి. పెద్దావిడ తన నిటారు కుర్చీలో, కొడుకు నిలబడి, కోడలు సోఫాలో, ఓబే మాస్టారు తలుపు దగ్గర, పోలీసు అధికారి గడియారం చూసుకుంటూ. కాలవ ఒడ్డున జనం షికారుకి పోతూ అలవాటు చొప్పున లోపలికి చూస్తున్నారు. హిస్కే చేతిలో కత్తెర పెట్టెతో గుమ్మంలో నిలబడింది.

"ఆ మనిషిని నా ఇంట్లోకి ఎవరు రానిచ్చారు?" అంది ముసలావిడ.

"పని పూర్తి చెయ్యడానికి వచ్చింది. డబ్బిచ్చి కుట్టించుకున్నారు, పూర్తి చేయించుకోరా?" అంది బౌక్యా. "హిస్కే, ఎడమవైపు విప్పు."

హిస్కే రిబ్బన్లు లాగింది. వెల్వెట్ మెల్లగా జారి, కుచ్చు పక్కన కుచ్చుగా, నేలదాకా నీళ్ళలా దిగింది. ఏడుపు ముఖంలో కూడా ఆవిడకి కాస్త గర్వం వచ్చింది. "చూశారా? ఇదీ పనంటే."

"కుడివైపు."

"అది నా ముడి కాదు," అంది హిస్కే దగ్గరికి వెళ్ళి. రిబ్బన్ విప్పింది. కర్టెన్ పైన బాగానే ఒదిగింది. కింద మాత్రం అంచు పలకలా బిగుసుకుని నిలబడిపోయింది. హిస్కే భయమంతా మర్చిపోయింది. "ఇదేం దిగడం? ఇది నేను కుట్టింది కాదు! ఎవరో చెడగొట్టారు! నా వెల్వెట్‌ని ఏం చేశారు మీరు?"

"ఉండు, తిట్టడానికి టైముంది," అంది బౌక్యా. "ముందు ఒక చిన్న కథ. ఈ వీధిలో ఒక ఇల్లుంది. ముందు గదికి ఏటా రంగు, వెనక గదిలో బకెట్లు. ఆ ఇంటి బంగారాన్ని ఎప్పుడో నిశ్శబ్దంగా అమ్మేశారు. దాని చోట బంగారు పూత పూసిన ఇత్తడిది పెట్టారు. వీధికి తేడా తెలీదు. వీధికి కళ్ళున్నాయి కానీ చేతులు లేవు కదా."

"ఏమంటున్నారు మీరు?" లూబర్ట్ ముందుకొచ్చాడు. "మా వంశం..."

"మీ వంశం కూర్చుంటే బాగుంటుంది." బౌక్యా సంచిలోంచి లేసు తీసి దీపం కింద పరిచింది. ఆకుపచ్చ నెలవంక అందరికీ కనిపించింది. "ఈ తెర కొన్నేళ్ళుగా ఆ చెక్క తల వెనక భాగానికి ఆనుకుని ఉంది. చలికాలం తడికి పూత ఊడింది. ఇదిగో, పట్టీ ఒంపుతో సహా అచ్చు పడింది. బంగారానికి చిలుము పట్టడం మీరెక్కడైనా చూశారా నోటరీగారూ?"

లూబర్ట్ చూడలేదు. ఆల్బెర్తా మాత్రం లేచి వచ్చి, మరకని దగ్గర్నుంచి చూసి, "ఓహో," అంది, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గదిలో మొదటిసారి ఆనందంగా.

"ఇంతలో కొడుకు గొప్పకి పోయి నిపుణురాల్ని పిలిచాడు. తూచితే పరువు పోతుంది. కాబట్టి ఆవిడ వచ్చేలోగా పట్టీ మాయం కావాలి, తెర కాలిపోవాలి, నింద మోయడానికి ఒక మనిషి కావాలి. మూడింటికీ కలిపి ఒకటే మందు, కొత్త కర్టెన్లు! అందుకే, నాలుగు వేళ్ళు చాలన్నా వినకుండా, అరచేయి వెడల్పు రేకు పట్టేట్టు జానెడు మడత."

"వీధిలో కాలవ పెట్టుకుని కర్టెన్‌లో దాచడమెందుకు?" అన్నాడు పోలీసు అధికారి, తనూ ఆలోచిస్తున్నానని తెలియడానికి.

"మోకాలి నొప్పి మనిషి కాలవ దాకా నడిస్తే మాస్టారి అద్దంలో పడకుండా ఉంటుందా? ఇంట్లో ఎక్కడ పెట్టినా కోడలి కంట పడుతుంది. మంగళవారం హిస్కే వెళ్ళిపోయింది. ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉన్నారు. కుడివైపు రిబ్బన్లు మాత్రం విప్పి, ఆ ఒక్క కర్టెన్‌నే ఎడమవైపుదాకా లాగి, చెక్క తలని దాని చాటుకి తీసుకుని, పట్టీని తీసి, చదునుగా వంచి, మడత కుట్టు ఒక చివర ఊడదీసి దూర్చి, మళ్ళీ కుట్టి, రిబ్బన్లు బూటు లేసు ముడితో కట్టేశారు. ముత్తవ్వ బంగారాన్ని అలా రేకుడబ్బాలా వంచడానికి ఎవరికైనా చేతులొస్తాయా? అది బంగారం కాదని తెలిసినవాళ్ళకి తప్ప?"

"హిస్కే లోపలే ఉంది," అంది ముసలావిడ. "ఓబేని అడగండి. నేనే చెప్పాను."

"అవును, మీరే చెప్పారు. మాతోనేమో పైగదిలో పడుకున్నానన్నారు. మాస్టారూ, హిస్కే వ్యాను ఉన్నంతసేపూ మీకు ఈ కిటికీ కనిపించిందా?"

"పిసరంత కూడా కనిపించలేదని చెప్పానుగా!"

"మరి మూసిన కర్టెన్లు మూల నుంచి మూలకి, గట్టుదాకా ఎలా కనిపించాయి?"

మాస్టారు కిటికీలోంచి ఎదురుగా ఉన్న తన ఇంటివైపు చూశాడు. "అంటే... వ్యాను లేదు."

"వ్యాను లేదు. హిస్కే లేదు. ఇంట్లో ఉన్నదల్లా మీరు పూలు తెచ్చిన శవం ఒక్కతే."

రూర్డ్‌కి చప్పట్లు కొట్టాలనిపించింది. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

బౌక్యా హిస్కే పెట్టెలోంచి కత్తెర తీసుకుని కుడి కర్టెన్ అంచు కోసింది. హిస్కే కళ్ళు మూసుకుంది, మనిషిని కోస్తున్నట్టు. మడతలోంచి చదునైన రేకొకటి జారి నేలమీద మోగింది. ముందువైపు పసుపు, వెనక ఆకుపచ్చ.

ముసలావిడే మొదట మాట్లాడింది. "ఆ బంగారం నాది. అమ్ముకున్నాను. మీ నాన్న అప్పులు పెట్టి పోయాడు లూబర్ట్. నీకు చదువు కావాలి. ఎవర్ని అడిగేది? ఎవరికి చెప్పేది? ఈ వీధిలో తల ఎత్తుకుని బతకాలి."

"మీరు ఎత్తుకున్నది చెక్క తల," అంది బౌక్యా. "బంగారం అమ్ముకోవడంలో తప్పేముంది? పిల్లాడి చదువుకి అమ్మానని చెప్పి ఉంటే ఈ వీధిలో సగంమంది మీకు దండం పెట్టేవాళ్ళు. చెప్పడానికి చిన్నతనమనిపించింది. కుట్టుకుని బతికే మనిషిని జైలుకి పంపడానికి మాత్రం అనిపించలేదు. పోలీసులకి ఆవిడ పేరు చెప్పేటప్పుడు కూడా నడుము ఇంత నిటారుగానే ఉందా?"

ముసలావిడ కిటికీ వైపు చూసింది. బయట ఇద్దరు ముగ్గురు ఆగి లోపలికి చూస్తున్నారు. "ఆల్బెర్తా, కర్టెన్ వెయ్యి."

ఆల్బెర్తా కదల్లేదు.

"లూబర్ట్!"

నోటరీ నేలమీది రేకుని చూస్తూ ఉండిపోయాడు. మ్యూజియానికి ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాడో, తన చదువు ఎంత బరువు తూగిందో అని ఆలోచిస్తున్నాడో ఎవరికీ తెలీదు.

"తెరలు ఇవాళ తెరిచే ఉంటాయి," అంది బౌక్యా. "తప్పుడు ఫిర్యాదు సంగతి అధికారిగారు రాసుకుంటారు. అది చట్టం పని. ఊరికి చెప్పడం మీ పని. ఊరు కాగితాలు చదవదు, కిటికీలు చదువుతుంది. ఆ కుర్చీ ఖాళీ చెయ్యండి."

ముసలావిడ చాలాసేపు కూర్చునే ఉంది. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మొదటిసారి నడుము కొంచెం వంగింది.

కాసేపటికి బౌక్యా, రూర్డ్ కాలవ వంతెన మీద ఆగారు. హారింగ్స్మా వాళ్ళ కిటికీ బొమ్మల పెట్టెలా వెలుగుతోంది. దీపాల మధ్య, నిటారు కుర్చీలో హిస్కే కూర్చుని ఉంది. ఇమ్క్యా హారింగ్స్మా కుంటుకుంటూ వచ్చి కాఫీ అందించింది. కాలవ ఒడ్డున షికారు జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఎదురింట్లో చిన్న అద్దం అటూ ఇటూ సర్దుకుంటోంది.

"లోపల క్షమాపణ చెప్పిందో లేదో వీళ్ళకెలా తెలుస్తుంది మేడం?" అన్నాడు రూర్డ్ దిగులుగా. "ఇక్కడికి ఒక్క ముక్క వినపడదుగా."

"వినపడక్కర్లేదు. బల్ల మీద చూడు."

రూర్డ్ కళ్ళు చిట్లించి చూశాడు. కాఫీ కప్పు పక్కనే బిస్కెట్ డబ్బా, మూత తీసి. హిస్కే ఒకటి తీసుకుంది. తిని, వెల్వెట్ కుచ్చుల వంక ఒకసారి చూసుకుని, చెయ్యి చాచి ఇంకోటి తీసుకుంది. ముసలావిడ చెయ్యి డబ్బా మూత మీదకి పోయి, అక్కడ ఆగి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

హిస్కే మూడోది కూడా తీసుకుంది.